రెండో ఎండ చేపలు

నాన్న అన్నం మధ్యలో లేచి వెళ్ళిన రోజు మా తడికల మీద చేపలు రెండో ఎండకి ఉన్నాయి. మొదటి ఎండలో చేప నీళ్ళు ఓడుస్తుంది. రెండో ఎండలో బిగుస్తుంది. మూడో ఎండ కూడా చూపించి బుట్టకెత్తితే ఇక దానికి ఢోకా లేదు. అవి నాన్న పట్టుకొచ్చిన చేపలే, అరచేయంత దంగిట్‌లు. వాటి వీపు ముళ్ళకి విషం ఉంటుంది, గుచ్చుకుంటే చెయ్యి మోచేతి దాకా సలుపుతుంది. అమ్మ పెళ్ళికి ముందు నుంచీ వాటిని కోస్తోంది. వీపు వెంట కత్తి పెట్టి తోక దాకా ఒక్క గీటు గీస్తే చేప రెండు రెక్కలుగా విచ్చుకునేది. ఆ కత్తి సానకి అరిగి అరిగి చిటికెనవేలంత సన్నబడింది. దాన్ని ఇంట్లో అమ్మ తప్ప ఇంకెవరూ ముట్టుకోకూడదు.

ముందురోజు సాయంత్రం నాన్న ఆ కత్తితో నైలాను తాడు కోశాడు. అంచు ఒకచోట పెచ్చు లేచిపోయింది.

పొద్దున బల్ల దగ్గర ఆ గొడవే నడుస్తోంది. రాత్రి అన్నం వెల్లుల్లి వేసి వేయించినది, కరకరలాడే ఉప్పుచేపలు, మిరపకాయలు ఊరిన కొబ్బరికల్లు వెనిగర్, మధ్యలో నీళ్ళ కూజా. అమ్మ, నాన్న, నాయనమ్మ, నేను. నేను అమ్మకి ఎదురుగా కూర్చున్నాను.

"తాడు కొయ్యడానికి ఇంట్లో ఇంకో కత్తే దొరకలేదు పాపం" అంది అమ్మ.

"చేతికి అదే తగిలింది, ఏం చెయ్యమంటావు" అన్నాడు నాన్న.

"చేతికి నేనూ తగులుతాను. నన్ను పెట్టి కొయ్యి."

నాయనమ్మ వెనిగర్‌లో చేప ముంచుతూ, "నీ నాలుకైతే తాడేం ఖర్మ, లంగరు గొలుసు కూడా తెగుతుంది" అంది. నాన్న నవ్వాడు. అమ్మ నవ్వలేదు. సాయంత్రం వచ్చాక తనే సాన పట్టి ఇస్తానని నాన్న చెప్పాడు. నువ్వు పట్టక్కర్లేదు, ఉన్నదీ పోతుంది అని అమ్మ అంది.

అంతలో ఒడ్డున పక్కింటి పోన్సో మామ కేకేశాడు. గాలి కుదిరింది, వస్తున్నావా, లేకపోతే నీకోసం గాలిని కూర్చోమని చెప్పనా అని. నాన్న నోట్లో ముద్ద ఉండగానే లేచాడు. ఉపవాసాల కాలం అది. సెబు నగరంలో ఉప్పుచేపలకి ఆ రోజుల్లోనే గిరాకీ. పైగా మర్నాడు మట్టల ఆదివారం, ఆ తర్వాత పవిత్ర వారం గడిచేదాకా మా బంతయాన్ దీవిలో ఎవరూ పడవ దింపరు. ఆఖరి వేట వదులుకునే మనిషి కాదు నాన్న. "మీరు తినండి" అంటూ మెట్లు దిగిపోయాడు.

మా దగ్గర ఒక ఆనవాయితీ ఉంది. అన్నం దగ్గర ఒకరు లేచి ప్రయాణం కడితే, ఇంట్లో ఉండిపోయేవాళ్ళు తమ కంచాన్ని ఒక చుట్టు తిప్పాలి. అలా తిప్పితే వెళ్ళినవాళ్ళు క్షేమంగా తిరిగొస్తారు. మా వంశంలో కాలేజీ గడప తొక్కిన మొదటిదాన్ని నేనే. ఆ ఏడే డిగ్రీ పూర్తి చేసి టీచరు పరీక్షకి చదువుతున్నాను. అయినా పట్టా వచ్చినంత మాత్రాన చెయ్యి అలవాటు మానదు కదా, నా కంచం నేను తిప్పాను. నాయనమ్మ తిప్పింది. మా ఇంట్లో రేకు కంచాలు, చెక్క బల్ల మీద తిప్పితే గర్రుమని గీసుకుంటాయి. అమ్మ తల వంచుకుని అన్నం తింటూనే ఉంది.

మధ్యాహ్నం ఒక్కసారిగా గాలి తిరిగి వాన కొట్టింది. అమ్మా నేనూ పరిగెత్తి తడికల మీద చేపలన్నీ లోపలికి చేర్చాం. పోన్సో మామ ఒక్కడే తిరిగొచ్చాడు. గాలివానలో రెండు పడవలూ విడిపోయాయనీ, నాన్న తనకంటే ముందే ఒడ్డు చేరి ఉంటాడనుకున్నాననీ చెప్పి, మా మెట్టు మీదే కూలబడ్డాడు.

*

ఆ పవిత్ర వారంలో మా ఊరు కట్టుబాటు తప్పింది. దేవుడు సమాధిలో ఉన్న రోజుల్లో సముద్రాన్ని కదపకూడదని నమ్మే ముసలివాళ్ళు సైతం పడవలు దింపారు. ఊరేగింపు బండి లాగాల్సిన కుర్రాళ్ళంతా నీళ్ళ మీదే ఉండటంతో శుభ శుక్రవారం ఆ బండిని ఆడవాళ్ళే లాగారు. శనివారం నాన్న పడవ దొరికింది. బోర్లాపడి, పడవ ఒరగకుండా పక్కన కట్టే తేలుడు కర్ర విరిగి ఉంది. నాన్న దొరకలేదు.

వాన వెలిసిన మర్నాడే అమ్మ ఆ చేపలకి మూడో ఎండ చూపించింది. తర్వాత తాటాకు బుట్టలో పేర్చి, వంటింట్లో పొయ్యి పైన ఉట్టికి కట్టింది. అమ్మకానికి పెట్టిన చేపల్లో కలపలేదు. నేను తెలియక వండుదామని ఒకటి తియ్యబోతే చెయ్యి పట్టుకుంది. "అవి మీ నాన్నవి. వచ్చాక తింటాడు" అంది, మామూలుగా, అంగడికెళ్ళిన మనిషి గురించి చెప్పినట్టు.

అప్పటి నుంచి ఎండ కాసిన ప్రతిరోజూ ఆ బుట్ట దిగేది. ఎండిన చేపని మళ్ళీ ఎండబెట్టడం ఎక్కడైనా ఉందా? అమ్మ వాటిని ఒక్కొక్కటే తడిక మీద పరిచి, మబ్బు పడితే ఒక్కొక్కటే ఎత్తేది. అవి గాజుపెంకుల్లా పెళుసెక్కాయి. పిల్లులు కూడా వాసన చూసి వదిలేసేవి. అవతల పోన్సో మామ పడవ తెచ్చే చేపల్ని కూలికి కోసేది అమ్మ, ఆ పెచ్చులేచిన కత్తితోనే. సాన పడతానని నేనంటే వద్దంది. పడతానన్న మనిషి ఉన్నాడుగా అంది.

నాయనమ్మకి మాత్రం కాలం గడుస్తున్నకొద్దీ లోపల దహించుకుపోయింది. పోయినవాడికి తొమ్మిది రోజుల జపం జరగాలి. జపం లేకపోతే వాడికి దారి దొరకదు, ఒడ్డు కనపడక నీళ్ళ మీదే తిరుగుతుంటాడు. ఊళ్ళో పోయినవాళ్ళకి జపమాలతో ప్రార్థనలు చదివే సోలిదాద్ అమ్మ అనే పెద్దావిడని ఆమె ఇంటికి పిలుచుకొచ్చింది. అమ్మ ఇద్దరికీ కుర్చీలు వేసి, మంచినీళ్ళు ఇచ్చి, చెప్పాల్సింది చెప్పింది.

"బతికున్నవాడికి తొమ్మిది రోజులు చదివించుకునే పెళ్ళాం ఎక్కడన్నా ఉంటుందా అత్తమ్మా?"

"నేను వాణ్ణి కన్నదాన్ని. వాడు ఉంటే నా కడుపు చెప్పదా?"

"మీ కడుపు చెప్పింది మీరు వినండి. నా ఇంట్లో మాత్రం దీపం పెట్టొద్దు."

సోలిదాద్ అమ్మ నీళ్ళు తాగకుండానే లేచి వెళ్ళిపోయింది. ఆరోజు నుంచి అత్తాకోడళ్ళ మధ్య మాటలు లేవు. ఏదైనా చెప్పుకోవాలంటే నాకు చెప్పేవాళ్ళు. "మీ అమ్మకి చెప్పు, పొయ్యిలో కొబ్బరి డొక్కలు అయిపోయాయి" అని నాయనమ్మ. "మీ నాయనమ్మకి చెప్పు, అవి పెరట్లోనే ఉన్నాయి, కాళ్ళు నొప్పి పుట్టవు" అని అమ్మ. అరచేయంత ఇల్లు మాది. ఒకరి మాటలు ఒకరికి వినపడుతూనే ఉన్నా నేను మళ్ళీ చెప్పేదాన్ని. రాత్రుళ్ళు మధ్యలో నేను పడుకునేదాన్ని.

నాన్న కోసం ఏడవడానికి మా ఇంట్లో ఎవరికీ వీల్లేకపోయింది. ఏడిస్తే పోయాడని ఒప్పుకున్నట్టు. జపం చదవకపోతే అమ్మ ఇలాగే బుట్ట దించుతూ ఎక్కిస్తూ ముసలిదైపోతుందని నాకు భయం వేసేది. చదివిస్తే అమ్మ ఏమైపోతుందో అని అంతకంటే ఎక్కువ భయం వేసేది.

*

మే నెలలో పోన్సో మామ చేపలు తీసుకుని నేను సెబు వెళ్ళాను. పడవ దిగి, బస్సెక్కి, తబోఆన్ బజారు చేరేసరికి మధ్యాహ్నం దాటింది. ఆ బజారులో అడుగు పెట్టక ముందే వాసన మనల్ని పట్టుకుంటుంది, వచ్చేశాక కూడా జుట్టులోంచి పోదు. కాలేజీలో ఉన్నప్పుడు బస్సులో నా పక్కసీటు ఖాళీగా ఉండేది. అప్పుడు సిగ్గుపడేదాన్ని. ఆరోజు మాత్రం దుకాణాల చూరు కింద వేలాడే చేపల వరసల మధ్య నడుస్తుంటే నాన్న చొక్కా పట్టుకుని నడుస్తున్నట్టే అనిపించింది.

మా చేపలు ఎప్పుడూ ప్రిసీలా అక్కకే వేసేవాళ్ళం. ఆమెకి అమ్మ అంటే గురి. లావుపాటి మనిషి, చేతిలో విసనకర్ర, ఈగల్ని కొడుతుందో కొనేవాళ్ళని కొడుతుందో తెలియదు. నేను మూట విప్పగానే ఒక చేప తీసి వెలుగుకి పట్టి చూసింది.

"మీ అమ్మ కత్తికి పెచ్చు పోయిందా?"

అవునన్నాను.

"ప్రతి చేప వీపునా గీరుకుపోయింది చూడు. కొనేవాళ్ళు చేప మొహం చూడరు జెన్, వీపు చూస్తారు. మీ అమ్మ ఫెలిసా చెయ్యి ఇలా కోసిందంటే నేను నమ్మను. సాన పట్టించమను."

పట్టించదు అక్కా అన్నాను. ఎందుకు పట్టించదో చెప్పడం మొదలుపెట్టి, మిగతాదంతా చెప్పేశాను. ఉట్టి మీది బుట్ట, రోజూ ఎండ, జపం గొడవ. ప్రిసీలా అక్క విసనకర్ర ఆపి వింది. మధ్యలో ఒకామె ధర అడగబోతే తర్వాత రమ్మంది. ధర తగ్గించమంటే ఒప్పుకోని మనిషి, గిరాకీని పొమ్మనడం నేను అదే మొదటిసారి చూడటం. అంతా అయ్యాక అమ్మ కోసిన చేపల్ని పక్కన పెట్టి, గీరుకుపోయినా మామూలు ధరకే తీసుకుంది. తర్వాత లోపలికెళ్ళి, కోకో బిళ్ళలు కాగితంలో చుట్టి తెచ్చింది.

"వానలొచ్చేస్తున్నాయి. ఇవి మీ నాయనమ్మకి ఇయ్యి. మీ అమ్మకి కాదు, ముసలావిడకే. జావ కాయమను."

వాన పడితే మా ఇళ్ళలో కోకో బిళ్ళలు కరిగించి, జిగురు బియ్యంతో తియ్యటి జావ కాస్తారు. దాన్ని ఒట్టిగా ఎవరూ తాగరు. పక్కన వేయించిన ఉప్పుచేప ఉండాలి. ఒక గుక్క తీపి, ఒక ముక్క ఉప్పు. నాన్న అయితే చేపని జావలోనే నలిపేసుకునేవాడు. అది చూసి నాయనమ్మ, వీడు చిన్నప్పుడు కూడా ఇంతే, మనిషి పెరిగాడు గానీ బుద్ధి పెరగలేదు అనేది.

*

జూన్‌లో వాన పట్టుకుంది. వరసగా పడుతూనే ఉంది. పడవలు ఒడ్డునే ఉన్నాయి, కొయ్యడానికి చేపల్లేవు, బజారుకి పంపేందుకూ ఏమీ మిగల్లేదు. బుట్ట దించడానికి ఎండ లేదు. ఒకరోజు పొద్దున అమ్మ చెయ్యి పెట్టి చూసేసరికి చేపలు మెత్తబడి ఉన్నాయి. రెక్కల అంచుల్లో తెల్లగా బూజు పట్టింది.

అమ్మ నేల మీద కూర్చుని, గుడ్డ వెనిగర్‌లో ముంచి, ఒక్కొక్క చేపనీ తుడవడం మొదలుపెట్టింది. పసిపిల్ల మొహం తుడిచినట్టు తుడిచింది. తుడిచినవి తుడిచినట్టే మళ్ళీ మెత్తబడుతున్నాయి. అంత తేమలో అవి ఇంకో వారం నిలవవని ఆమెకి తెలియదా? ఆ విద్య మాకు నేర్పిందే ఆమె.

నాయనమ్మ పొయ్యి రాజేసింది. నేనిచ్చిన కోకో బిళ్ళలు అప్పటిదాకా దాచింది, ఆరోజు తీసి జావ కాసింది. ఇల్లంతా తియ్యటి వాసన కమ్ముకుంది. నాలుగు గిన్నెల్లో పోసి బల్ల మీద పెట్టింది. నాలుగు. అమ్మ చూసింది.

నాయనమ్మ ఒక గుక్క తాగి గిన్నె కింద పెట్టింది. "జెన్, మీ అమ్మకి చెప్పు. వెనిగర్ పెట్టి తుడుచుకునేన్ని చేపలు పెట్టుకుని, ఒట్టి జావ తాగే కొంప ఈ దీవిలో మనదొక్కటే" అంది.

నేను చెప్పబోయాను. అమ్మ చెయ్యెత్తి ఆపింది. గుడ్డ ఒళ్ళో పెట్టుకుని చేపల వంకే చూస్తూ అంది.

"ఆరోజు నేను కంచం తిప్పలేదత్తమ్మా."

నాయనమ్మ గిన్నె పక్కకి జరిపి ఆమె వైపు తిరిగింది.

"కత్తి మీద కోపంతో తిప్పలేదు. గుర్తులేక కాదు. గుర్తుండే తిప్పలేదు. సాయంత్రం వచ్చాక, నీ కోసం కంచం కూడా తిప్పలేదు చూసుకో అని చెప్పి దెప్పుదామనుకున్నా." ఆమె గొంతు అలాగే ఉంది, ఎత్తు పెరగలేదు. "మీరు జపం చదివిస్తే ఆయన పోవడం నేను చేసిన పనే అయిపోతుంది. అంతదాకా రానివ్వకూడదనే..."

గుడ్డని మళ్ళీ వెనిగర్‌లో ముంచింది.

నాయనమ్మ కుర్చీలోంచి లేచింది. ఆమె మోకాళ్ళు వంగవు. కిందకి కూర్చోవడమంటే ఆమెకి పెద్ద పని. బల్ల కాలు పట్టుకుని, గోడ పట్టుకుని, అమ్మ ఎదురుగా నేల మీద కూర్చుంది. గుడ్డలో ఒక కొస చింపుకుని, వెనిగర్‌లో ముంచి, ఒక చేప తీసుకుని తుడవసాగింది.

"నీ కంచం నేను తిప్పాను" అంది.

అమ్మ తలెత్తింది.

"నువ్వు నీళ్ళ కోసం లేచావు చూడు, అప్పుడు. కోపంలో ఉన్నావని నాకు తెలియదా? ఎన్నేళ్ళుగా చూస్తున్నాను నిన్ను. వీడు వెళ్ళేటప్పుడు దీని మూతి ఇలా ఉందంటే కంచం తిప్పదులే అనుకుని, నేనే తిప్పేశాను. నీది తిరిగిందే ఫెలిసా. అందరివీ తిరిగాయి. సముద్రం తీసుకోవాలనుకుంది, తీసుకుంది."

నేను అమ్మకి ఎదురుగా కూర్చున్నాను ఆరోజు. కూజా బల్ల మధ్యలో ఉంది. అమ్మ నీళ్ళ కోసం లేవలేదు. దేనికీ లేవలేదు.

అమ్మ చాలాసేపు నాయనమ్మ మొహంలోకి చూసింది. నాయనమ్మ చేప తుడుస్తూనే ఉంది, కళ్ళు ఎత్తలేదు. కొడుకు పోయిన మనిషి ఆమె. అమ్మకి గుర్తు లేదా, ఉందా? నేను అడగలేదు, ఆ తర్వాత కూడా ఎప్పుడూ అడగలేదు. అమ్మ గుడ్డ మడిచి పక్కన పెట్టింది.

"నూనె ఉందా?" అని అడిగింది, నేరుగా నాయనమ్మనే.

"ఉంది. పొయ్యి పక్కనే."

అమ్మ బుట్టలోంచి నాలుగు చేపలు ఏరి పెనం మీద వేసింది. నూనెలో పడగానే అవి ముడుచుకుని, పొంగి, ఎర్రబడ్డాయి. మా చుట్టుపక్కల ఏ ఇంట్లో ఉప్పుచేప వేగినా ఊరికంతటికీ తెలుస్తుంది, అది దాగే వాసన కాదు. ఆ వానలోనే పోన్సో మామ భార్య తలకి సంచి కప్పుకుని మా గుమ్మం దాకా వచ్చి, పెనం వంక చూసి వెనక్కి వెళ్ళింది. మేం జావ తాగుతుండగానే సోలిదాద్ అమ్మ జపమాల పట్టుకుని మెట్లెక్కింది. ఎవరు పిలిచారని ఎవరూ అడగలేదు. అమ్మ లేచి ఆమెకి కుర్చీ వేసింది.

ఆ చేపలు చాలా ఉప్పగా ఉన్నాయి. ఎండి ఎండి ఉప్పే మిగిలింది. నాయనమ్మ తన చేపని జావలో నలుపుకుంది. ఆమె అలా తినడం నేనెప్పుడూ చూడలేదు. అప్పుడు ఏడ్చింది అమ్మ, గిన్నె చేతిలో పట్టుకుని, వానకి సమానంగా.

*

తొమ్మిది రోజులూ జపం జరిగింది. రోజూ బల్ల మీద నాన్న కూర్చునే వైపు ఒక కంచం పెట్టి, అందులో అన్నం, ఒక చేప ఉంచేవాళ్ళం. వచ్చినవాళ్ళకి కాఫీ, అన్నం, ఆ బుట్టలో చేపలే. ఉప్పెక్కువైందని పోన్సో మామ అన్నాడు. వాడు బతికున్నప్పుడు నీకు వడ్డించినవి కూడా ఇంతే ఉప్పుగా ఉండేవి, అప్పుడు నోరెత్తలేదే అంది నాయనమ్మ. చాలా రోజులకి మా ఇంట్లో నలుగురు నవ్వారు. తొమ్మిదో రోజుకి బుట్ట అడుగున ఉప్పు పొడి మాత్రం మిగిలింది. ఆ తెల్లవారుజామున పెరట్లో సానరాయి చప్పుడు విన్నాను. లేచి చూడలేదు, ఆ చేతి వరస నాకు తెలుసు.

నా పరీక్ష దగ్గరపడింది. జపం ముగిసిన మర్నాడే సెబు బయల్దేరాలి. పొద్దున బల్ల దగ్గర కూర్చున్నాం. వాన తెరిపిచ్చాక పోన్సో మామ పడవ తెచ్చిన కొత్త చేపలు, మొదటి ఎండవే, ఇంకా మెత్తగా ఉన్నాయి. తొమ్మిది రోజులు దాటాయి కనక నాన్న కంచం తీసెయ్యాలని నాయనమ్మ గుర్తుచేసింది. ఈ పూటకి ఉండనీ అత్తమ్మా అంది అమ్మ.

సగం తిన్నానో లేదో, వీధిలో రేవుకెళ్ళే బండి హారన్ మోగింది. ఇంకాసేపు ఆగమని కేకేస్తానంది నాయనమ్మ. పడవ ఆగదుగా అని నేను లేచాను. నా కంచం తీసుకెళ్ళి తొట్టిలో పెట్టాను. బల్ల మీద మూడు కంచాలు మిగిలాయి. నాయనమ్మ నా తల మీద చెయ్యి పెట్టింది. అమ్మ, పరీక్ష హాల్లో పక్కవాళ్ళు వాసన అంటే మొహం తిప్పుకోమని చెప్పు, నువ్వు తిప్పుకోకు అంది. నేను సంచీ భుజానేసుకుని గుమ్మం దాటాను.

మెట్టు మీద కూర్చుని చెప్పులు తొడుక్కుంటుంటే లోపల చెక్క మీద రేకు గీసుకున్న చప్పుడు వినిపించింది. తొందర తొందరగా, అది నాయనమ్మది. దాని వెనకే ఇంకొకటి, నెమ్మదిగా, చుట్టు పూర్తయ్యేదాకా. బండివాడు మళ్ళీ హారన్ కొట్టాడు. నేను లేవలేదు. తర్వాత ఒక కుర్చీ జరిగింది, అమ్మ అడుగులు బల్ల చుట్టూ అటువైపుకి వెళ్ళాయి.

నాన్న కూర్చునే వైపు నుంచి, మూడో కంచం తిరిగింది.